ప్రజావైద్యాచార్యుడు ఆంద్రియా ష్టాంపర్

దప్పిగొన్నవాడు బావివద్దకు పోవలసిందే గాని బావి వానివద్దకు రాదని లోకంలో ఒక నమ్మకం ఉంది. వైద్యుని విషయంలో కూడ లోకం అనాదిగా ఆ నమ్మకాన్నే పాటిస్తూ వచ్చింది. రోగి వెదుక్కుంటూ పోవాలి. వైద్యుడు తన గదిలో కూర్చుండాలి. పోగల ఓపిక, ఇవ్వగల రొక్కం ఉన్నవానికి చికిత్స దొరుకుతుంది. రెండూ లేనివాడు తలవ్రాత అనుకొని మిన్నకుండవలసిందే. ఈ ఆచారాన్ని తలక్రిందులు చేయడానికి పూనుకొన్నవాడు ఆంద్రియా ష్టాంపర్. వైద్యుడే రోగిని వెదుక్కుంటూ పోవాలనీ, అట్టి వైద్యులను రాజ్యమే తన ఖర్చుతో తీర్చిదిద్దాలనీ ఆయన జీవితాంతం పోరాడాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మహాసభ 1948లో తొలిసారి సమావేశమైనప్పుడు అధ్యక్షపీఠాన్ని అలంకరించినవాడు ఆయనే.

బడిపంతులు బిడ్డ

ష్టాంపర్ 1888 సెప్టెంబరు 1వ తేదీన స్లవోనియా ప్రాంతంలోని బ్రోద్‌స్కీ ద్రెనోవత్స్ అనే చిన్న పల్లెలో జన్మించాడు. నేడు ఆ పల్లె క్రొయేషియా దేశంలో ఉంది. ఆ రోజులలో ఆ సీమ యావత్తూ ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఒక మారుమూల. తండ్రి బడిపంతులు. పల్లెటూరి పంతులు ఇంట పెరిగిన పిల్లవానికి రైతుల బ్రతుకు పుస్తకాలలో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. ఎవరి ఇంట పాడి ఉన్నదో, ఎవరి ఇంట క్షయ ఉన్నదో ఊరందరితోపాటు అతనికీ తెలుస్తుంది. తాను నేర్చినది నేర్వనివానికి చెప్పాలనే తండ్రి వృత్తిధర్మం కూడ ఆ బాలునికి అప్పుడే అబ్బింది. తరువాతి కాలంలో ఆయన వైద్యుడయ్యాడు, అధికారి అయ్యాడు, ఆచార్యుడయ్యాడు. అన్నిటిలోను లోపల ఉన్నది ఆ బడిపంతులే.

వింకొవ్‌త్సి పట్టణంలో ఉన్నత విద్య ముగించుకొని ఆయన వియన్నా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థిగా చేరాడు. ఆ కాలంలో వియన్నా వైద్యశాస్త్రానికి కాశీక్షేత్రం వంటిది. పెద్ద పెద్ద ఆసుపత్రులు, ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క నిపుణుడు, ప్రపంచం నలుమూలల నుండి వచ్చే శిష్యులు అక్కడ ఉండేవారు. కాని ష్టాంపర్‌ను ఆకర్షించినది ఆ వైభవం కాదు. కార్మికుల నివాసానికీ, వేతనానికీ, వారికి వచ్చే రోగానికీ గల సంబంధాన్ని గూర్చి లూద్విగ్ టెలెకి అనే ఉపాధ్యాయుడు సాంఘిక వైద్యం పేరిట ఉపన్యసించేవాడు. ఆ ఉపన్యాసాలు ఈ యువకుని మనస్సులో నాటుకొన్నాయి. చదువు ముగియకముందే ఆయన స్వదేశపు సామాన్యజనం కొరకు ఆరోగ్య విషయాలపై చిన్న చిన్న పుస్తకాలు వెలువరించడానికి పూనుకొన్నాడు. 1911లో వైద్యపట్టం పుచ్చుకొన్నాడు.

కొంతకాలం కార్లోవత్స్ ఆసుపత్రిలో పనిచేసి, 1913లో నోవా గ్రదిష్కా ప్రాంతానికి ప్రభుత్వ వైద్యుడుగా వెళ్ళాడు. వియన్నాలో నేర్చిన విద్యకూ, అక్కడి పల్లెలలోని అవసరానికీ మధ్య ఎంత దూరం ఉన్నదో ఆయనకు అప్పుడు తెలిసివచ్చింది. క్షయ, మలేరియా, శిశుమరణాలు, మద్యపానం ఆ పల్లెలను పీడిస్తున్నాయి. మందు పుచ్చుకొని పోయిన రోగి అదే బురద వాకిటికి, అదే చెడునీటి బావికి తిరిగి పోతున్నాడు. కొన్నాళ్ళకు అదే రోగంతో తిరిగి వస్తున్నాడు. నాడి చూచి మందు చీటీ వ్రాసి పంపడం వల్ల ఊరి ఆరోగ్యం బాగుపడదు. బావిని, పెంటకుప్పను, ఇంటిని, తిండిని చూడగల వైద్యుడు కావాలి. అట్టి వైద్యుని తయారుచేసే విద్యాలయం మాత్రం ఎక్కడా కానరాలేదు.

కొత్త రాజ్యం, కొత్త పని

1914లో ఆరంభమైన మహాయుద్ధం నాలుగేండ్లలో పాత సామ్రాజ్యాన్ని కూల్చివేసింది. 1918 డిసెంబరులో సెర్బులు, క్రొయేటులు, స్లొవీనులు కలిసి ఒక రాజ్యంగా ఏర్పడ్డారు. దానికే 1929లో యుగోస్లావియా అని పేరు వచ్చింది. ఆ రాజ్యం పుట్టుకతోనే రోగగ్రస్తం. యుద్ధపు తొలి సంవత్సరంలో చెలరేగిన టైఫస్ జ్వరానికి సెర్బియాలో అసంఖ్యాకులు బలికాగా, వారికి చికిత్స చేసిన వైద్యులలోనే వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మిగిలిన కొద్దిమంది వైద్యులు పట్టణాలలో ఉన్నారు. జనంలో అత్యధికులు పల్లెలలో ఉన్నారు.

1919లో ఈ రాజ్యపు ఆరోగ్య మంత్రిత్వశాఖలో ప్రజారోగ్య విభాగానికి ష్టాంపర్ అధిపతిగా నియుక్తుడయ్యాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఒక్క సంవత్సరాలు. ఆ పదవిలో 1930 వరకు, అనగా పదకొండేండ్లపాటు ఉన్నాడు. ఆ కొద్ది వ్యవధిలో దేశమంతటా దాదాపు 250 ఆరోగ్య సంస్థలు వెలిశాయి. బెల్‌గ్రేడ్‌లో కేంద్ర ఆరోగ్య సంస్థ, అడ్రియాటిక్ సముద్రతీరాన త్రోగిర్‌లో మలేరియా నివారణ సంస్థ, క్షయకు, సుఖవ్యాధులకు, ట్రకోమా అనే కంటిజబ్బుకు ప్రత్యేక చికిత్సాలయాలు, తల్లీబిడ్డల రక్షణ కేంద్రాలు, బడిపిల్లల వైద్యశాలలు, పట్టణాలలోను పల్లెలలోను ఆరోగ్య గృహాలు ఆ కాలంలో ఏర్పడినవే.

ఆరోగ్య గృహం అనే మాటలోనే ఆయన ఉద్దేశం ఇమిడి ఉంది. రోగులు వచ్చి పడుకొనే ఆసుపత్రి వంటిది కాదు అది. ఒక ప్రాంతపు జనమంతటి ఆరోగ్యానికి బాధ్యత వహించే కేంద్రం. టీకాలు వేయడం, గర్భిణులను చూడడం, బావులను పరీక్షించడం, బడిపిల్లలను తనిఖీ చేయడం, రోగికి చికిత్స చేయడం అన్నీ ఒకే చూరు క్రింద జరగాలి. చికిత్స ఒక శాఖకు, నివారణ మరొక శాఖకు పంచిపెట్టే పద్ధతి ఆయనకు సమ్మతం కాదు.

పది సూత్రాలు

భవనాలు కట్టించడం కంటె వాటిలో పనిచేసేవారిని సిద్ధంచేయడం కష్టమని ష్టాంపర్ త్వరలోనే గ్రహించాడు. తన అనుభవాన్ని 1926లో పది సూత్రాలుగా ప్రకటించాడు. ప్రజారోగ్య చరిత్రలో అవి ప్రసిద్ధి గాంచాయి.

చట్టాలు చేయడం కంటె జనానికి తెలియజెప్పడం ముఖ్యమని అందులో మొదటి సూత్రం. ఆరోగ్యం వైద్యుల సొత్తు కాదనీ, అందరూ అందులో పాలుపంచుకోవాలనీ మరొకటి. వైద్యుడు జనానికి ఉపాధ్యాయుడు కావాలనీ, అతని ముఖ్య కార్యస్థానం ప్రయోగశాల గాని చికిత్సాలయం గాని కాక జనావాసమనీ, ధనికునికీ దరిద్రునికీ వైద్యంలో భేదం ఉండరాదనీ ఇతర సూత్రాలు చెబుతాయి. ప్రజల ఆరోగ్యాన్ని దయాధర్మాల దృష్టితో చూడడం కంటె దేశపు ఆర్థిక సమస్యగా చూడడం అవసరమని ఆయన వాదించాడు. రోగంతో మంచం పట్టిన రైతు పొలం బీడు పడితే ఆ నష్టం ఒక ఇంటిది మాత్రమే కాదు గదా!

వీటన్నిటిలో ఎక్కువ కలకలం రేపినది మరొక సూత్రం. వైద్యుడు తన జీవనం కొరకు రోగిమీద ఆధారపడరాదని ఆయన అన్నాడు. రోగి ఇచ్చే ఫీజుతో బ్రతికే వైద్యుడు ఎంత మంచివాడైనా రోగం కొరకు ఎదురుచూడక తప్పదు. రోగమే రాకుండ చేయడం అతని జీవనానికే విరుద్ధం. కాబట్టి రాజ్యం అతనికి జీతం ఇవ్వాలి, ఇచ్చి, పల్లెకు పంపాలి. పట్టణాలలో స్వతంత్రంగా వృత్తి సాగించుకొంటున్న వైద్యులలో చాలమందికి ఈ మాట రుచించలేదు. వైద్యుణ్ణి గుమాస్తాగా మార్చివేస్తున్నాడని ఆయనమీద విమర్శ బయలుదేరింది. రాజకీయపక్షాలలో కూడ ఆయనకు శత్రువులు ఏర్పడ్డారు. ష్టాంపర్ మాట మెత్తన చేసుకొనే స్వభావం కలవాడు కాదు.

జాగ్రెబ్ విద్యాలయం

జీతమిచ్చినంత మాత్రాన పల్లెవైద్యుడు తయారుకాడు. అతనికి వేరే చదువు కావాలి. ఈ ఉద్దేశంతో జాగ్రెబ్ నగరంలో ప్రజారోగ్య విద్యాలయం ఏర్పడి, 1927 అక్టోబరు 3వ తేదీన ప్రారంభమైంది. నిర్మాణానికి అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థ విరాళమిచ్చింది. నిర్వహణ రాజ్యం వహించింది. డాక్టర్ బెరిస్లావ్ బోర్చిచ్ సంచాలకుడుగా పనిచేశాడు. అంతకుముందే 1921లో ఆ నగరంలో నర్సుల పాఠశాల ఏర్పడి, ఇంటింటికీ వెళ్ళి తల్లులకు, క్షయరోగులకు సలహాలిచ్చే నర్సులను తయారు చేస్తూ ఉండేది. యువ వైద్యులను విదేశీ విశ్వవిద్యాలయాలకు విద్యార్థివేతనాలతో పంపించే ఏర్పాటు కూడ జరిగింది. వారు తిరిగి వచ్చి స్వదేశంలో పనిచేయడానికి ఆరోగ్య సంస్థలు సిద్ధంగా ఉండేవి. శిక్షణ ఒకచోట, ఉద్యోగం మరొకచోట, అవసరం ఇంకొకచోట కాకుండ ఈ మూడింటినీ ముడివేయడమే ష్టాంపర్ నేర్పు.

ఈ విద్యాలయం నాలుగు గోడల మధ్య ఇమడలేదు. అందులో వైద్యులతోపాటు ఇంజనీరులు కూడ ఉండేవారు. వారు పల్లెలకు వెళ్ళి బావులు కట్టించారు, మరుగుదొడ్లు నిర్మింపజేశారు. ఆరోగ్య విషయాలపై చలనచిత్రాలు తీసే శాఖ ఒకటి అక్కడ నెలకొన్నది. ఎన్నడూ సినిమా చూచి ఎరుగని పల్లెలలో ఆ చిత్రాలను ప్రదర్శించేవారు. చదువురాని రైతుకు దోమకూ మలేరియాకూ గల సంబంధం పది ఉపన్యాసాల కంటె ఒక చిత్రం తేటగా చెప్పగలదు.

అన్నిటికంటె విశేషమైనది రైతుల విశ్వవిద్యాలయం. పల్లెల నుండి రైతులను పిలిపించి, కొన్ని మాసాలు అక్కడే ఉంచి, ఆరోగ్యం, వ్యవసాయం, పశుపోషణ, సహకార పద్ధతి మొదలగు విషయాలు బోధించేవారు. స్త్రీలకు వేరే తరగతులు ఉండేవి. శిక్షణ పొందినవారు తమ ఊరికి తిరిగి వెళ్ళి ఇరుగుపొరుగులకు తాము నేర్చినది చెప్పాలి. దీనివల్ల ఒక సత్ఫలితం కలిగింది. చదువుకొన్న రైతు ఉన్న ఊరిలో వైద్యుని మాట చెల్లుతుంది. వైద్యుడు కూడ రైతుతో మాట్లాడే భాష నేర్చుకొంటాడు.

పదవీచ్యుతి

1929 జనవరిలో అలెగ్జాండర్ రాజు శాసనసభను రద్దుచేసి నిరంకుశ పాలన ఆరంభించాడు. స్వతంత్ర భావాలు గల అధికారికి ఆ పాలనలో చోటులేకపోయింది. 1930లో ష్టాంపర్‌ను ఆ స్థానం నుండి తొలగించారు. 1931లో రాజశాసనం ద్వారా బలవంతంగా పింఛను ఇచ్చి ఇంటికి పంపారు. అప్పటికి ఆయన వయస్సు నలభైరెండు దాటలేదు.

వైద్యుని పోషణభారం రాజ్యం వహించాలని జీవితమంతా వాదించినవానిని ఆ రాజ్యమే వీధిలోకి నెట్టింది! ఆయన సిద్ధాంతానికి ఇంతకంటె కఠినమైన పరీక్ష ఉండబోదు. రాజ్యం ఇచ్చినది రాజ్యం తీసుకోగలదు. పదవి తీసుకొన్నది, అధికారం తీసుకొన్నది. కాని శిక్షణ పొందిన వైద్యుల నుండి, నర్సుల నుండి, రైతుల నుండి వారు నేర్చిన విద్యను వెనక్కు తీసుకోగల రాజశాసనం లేదు. జాగ్రెబ్ విద్యాలయం మూతపడలేదు. ఆరోగ్య గృహాలు నిలిచాయి. ఒక మనిషిమీద గాక మనుషుల శిక్షణమీద నిర్మించిన పని గనుకనే అది నిలువగలిగింది.

దేశాంతరాలలో

స్వదేశం వద్దన్నవానిని ప్రపంచం పిలిచింది. నానాజాతి సమితి ఆరోగ్య సంస్థ ఆయన సేవలను వినియోగించుకొన్నది. 1933 నుండి 1936 వరకు ఆయన చైనాలో సలహాదారుగా ఉన్నాడు. రాజధానిలో కూర్చుని నివేదికలు వ్రాయక, వాయవ్య రాష్ట్రాల దాక దూరపు పల్లెలలో పర్యటించాడు. పంటలో పెద్దభాగం కౌలుకు, వడ్డీకి పోతూ ఉంటే రైతు ఇంట ఆరోగ్యం ఎట్లా నిలుస్తుందని ఆయన పరిశీలించాడు. భూమి సమస్యను, రుణ సమస్యను విడిచి రోగసమస్యను పరిష్కరించలేమని తన నివేదికలలో స్పష్టపరిచాడు. తన దేశపు పల్లెలలో కనుగొన్న సత్యమే అంత దూరాన, అన్ని కోట్ల జనంలో మరింత పెద్దదిగా ఆయనకు కనిపించింది.

1938లో ఆయన అమెరికా వెళ్ళి హార్వర్డు మున్నగు విశ్వవిద్యాలయాలలో ఉపన్యసించాడు. హార్వర్డులో చేసిన ప్రసంగానికి ఆయన పెట్టిన పేరు ఒక గ్రామీణ ఆరోగ్య కార్యకర్త పరిశీలనలు అని. ఒక రాజ్యపు ఆరోగ్యశాఖను నడిపినవాడు, ఖండాలు తిరిగినవాడు విద్వత్సభలో తనకు తాను ఇచ్చుకొన్న బిరుదు అది!

1939లో ఆయన స్వదేశానికి తిరిగివచ్చి జాగ్రెబ్ వైద్యకళాశాలలో ఆరోగ్యశాస్త్ర, సాంఘిక వైద్య ఆచార్యుడయ్యాడు. మరుసటి ఏడు కళాశాలాధిపతిగా ఎన్నికయ్యాడు. ఈ పని వేళ్ళూనకముందే రెండవ ప్రపంచ యుద్ధం ఆ దేశాన్ని చుట్టుముట్టింది. 1941లో జర్మన్ సేనలు ఆక్రమించగానే ష్టాంపర్ నిర్బంధితుడయ్యాడు. ఆస్ట్రియాలోని గ్రాత్స్ నగరంలో 1945లో యుద్ధం ముగిసేదాక ఆయనను ఉంచారు. విడుదలై వచ్చినప్పుడు ఆయన వయస్సు యాభైఆరు. విశ్రాంతి కోరుకోవలసిన కాలంలో ఆయన జాగ్రెబ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడై, విద్యాలయాన్ని మళ్ళీ నిలబెట్టడానికి నడుం కట్టాడు.

ప్రపంచ వేదికపై

1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక సాంఘిక మండలి తొలిసారి సమావేశమైంది. దానికి అధ్యక్షుడు సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారు, ఉపాధ్యక్షులలో ఒకరు ష్టాంపర్. 1887లో మన కర్నూలులో జన్మించిన కవల సోదరులలో రామస్వామి ఒకరు. రెండవవారు ప్రఖ్యాత వైద్యులు డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియారు. కర్నూలు బిడ్డడు అధ్యక్షత వహించిన ఆ మండలియే ప్రపంచానికంతటికీ ఒక ఆరోగ్య సంస్థ ఉండాలని సన్నాహాలు ఆరంభించింది.

ఆ సంవత్సరమే పారిస్‌లో జరిగిన నిపుణుల సంఘంలో ష్టాంపర్ సభ్యుడు. కొత్త సంస్థ నిబంధనావళికి ఆయన ఒక ముసాయిదా సమర్పించాడు. ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదనీ, శారీరక, మానసిక, సాంఘిక క్షేమమనీ చెప్పే ఆ నిబంధనావళి పీఠికలో ఆయన భావాల ముద్ర స్ఫుటంగా కనబడుతుంది. 1946 జులైలో న్యూయార్కులో నిబంధనావళిపై సంతకాలు జరిగాయి. తగినన్ని దేశాలు ఆమోదించేదాక పనులు చూడడానికి పద్దెనిమిది దేశాల తాత్కాలిక సంఘం ఏర్పడింది. భారతదేశం అందులో ఒకటి, ష్టాంపర్ దానికి అధ్యక్షుడు. 1947లో ఈజిప్టులో కలరా విజృంభించినప్పుడు ఆ తాత్కాలిక సంఘమే టీకామందు సరఫరాలను సమకూర్చింది. 1948 ఏప్రిల్ 7వ తేదీన నిబంధనావళి అమలులోకి వచ్చింది. ఏటేటా ఆ తేదీని ప్రపంచ ఆరోగ్య దినంగా పాటించడం బడిపిల్లలందరికీ తెలిసిన విషయమే. ఆ జూన్ 24న జెనీవాలో తొలి మహాసభ ష్టాంపర్ అధ్యక్షతన ఆరంభమైంది.

మన దేశంలో కూడ ఆ కాలంలోనే ఇట్టి ఆలోచన సాగింది. 1943లో నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘంలో డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియారు సభ్యులు. పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలనీ, వైద్యవిద్యార్థికి నివారణ వైద్యంలో, సాంఘిక వైద్యంలో మూడు మాసాల శిక్షణ ఇవ్వాలనీ ఆ సంఘం సూచించింది. 1952లో సామూహిక అభివృద్ధి పథకంతోపాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఆరంభమయ్యాయి. జాగ్రెబ్‌లోను ఢిల్లీలోను వేరువేరుగా బయలుదేరిన రెండు ఆలోచనలు ఒకే సత్యాన్ని చేరుకొన్నాయి.

శిష్యుల చేతిలో ఫలించిన ఆశయం

ష్టాంపర్ చివరి సంవత్సరాలు విద్యార్థుల మధ్య గడిచాయి. యుద్ధానంతరం ప్రజారోగ్య విద్యాలయం జాగ్రెబ్ వైద్యకళాశాలలో అంతర్భాగమైంది. వైద్యవిద్యార్థి శవపరీక్షశాలను, ఆసుపత్రి వార్డును చూచినంత శ్రద్ధగా పల్లెను, కర్మాగారాన్ని చూడాలని ఆయన పట్టుపట్టాడు. 1947 నుండి మరణించేదాక జాగ్రెబ్‌లోని విజ్ఞాన కళాపరిషత్తుకు అధ్యక్షుడుగా ఉన్నాడు. 1955లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయనను లియోన్ బెర్నార్ బహుమానంతో గౌరవించింది. 1958 జూన్ 26వ తేదీన జాగ్రెబ్‌లో ఆయన కన్నుమూశాడు.

ఆయన అనంతరం మూడేండ్లకు ఒక విశేషం జరిగింది. వైద్యపట్టం చేతికి రాగానే ఎవరైనా సాధారణ వైద్యుడుగా పనిచేయవచ్చుననీ, అందుకు ప్రత్యేక శిక్షణ అక్కరలేదనీ అంతవరకు ప్రపంచమంతటా ఉన్న అభిప్రాయం. గుండెకు నిపుణుడు కావాలంటే అదనపు చదువు కావాలి. ఒక కుటుంబాన్ని పసికందు మొదలు ముసలివాని దాక కనిపెట్టి చూడడానికి మాత్రం ఏ చదువూ అక్కరలేదట! ష్టాంపర్ శిష్యుడు ఆచార్య ఆంటె వులెతిచ్ ఈ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చాడు. గురువు స్థాపించిన విద్యాలయంలోనే 1961లో సాధారణ వైద్యులకు ప్రత్యేక శిక్షణ ఆరంభించాడు. ప్రపంచంలో ఇట్టి శిక్షణలన్నిటిలో తొలి వరుసలోనిది అది. బ్రిటన్ వంటి సంపన్న దేశంలో సైతం కుటుంబవైద్యునికి ప్రత్యేక శిక్షణ తప్పనిసరి కావడానికి 1980ల ఆరంభం దాక పట్టింది. 1978లో ఆల్మా ఆటా సభ ప్రాథమిక ఆరోగ్య సేవను ప్రపంచ ధ్యేయంగా ప్రకటించినప్పుడు, అందులోని భావాలు పెక్కు ష్టాంపర్ 1926లో చెప్పినవే.

ఆయన సేవించిన రాజ్యం నేడు లేదు. యుగోస్లావియా 1990లలో ముక్కలైపోయింది. రాజులు పోయారు, పాలనలు మారాయి, పటాలలో సరిహద్దులు చెరిగి మళ్ళీ గీయబడ్డాయి. జాగ్రెబ్‌లో ఆయన పేరు ధరించిన ప్రజారోగ్య విద్యాలయం మాత్రం నిలిచి ఉంది. అక్కడ వైద్యులు నేటికీ చదువుకొంటున్నారు.

వైద్యునికి పట్టమివ్వడంతో రాజ్యం బాధ్యత తీరిపోదు. ఎవరికి సేవచేయవలసి ఉన్నదో వారి మధ్యనే అతనికి చదువు చెప్పించాలి. చెప్పించి, అక్కడ గౌరవంగా బ్రతికే ఏర్పాటు చేయాలి. మూడింటిలో ఏది లోపించినా పల్లెలోని ఆరోగ్య కేంద్రం తాళం వేసిన భవనంగానే మిగులుతుంది. ష్టాంపర్ జీవితం బోధించే పాఠం ఇదే. దానిని ఆయన ఒక వైద్యుడుగా కంటె, బోధించడమే సేవ అని ఎరిగిన ఒక బడిపంతులు కుమారుడుగా నేర్చుకొన్నాడనడం సత్యానికి దగ్గర.